నెత్తుటి కథ – 11: టొరంటో ఎలుకల నుంచి బాచుపల్లి దాకా

గత భాగాన్ని 1948 ఆగస్టు దగ్గర ఆపాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలను నడిపిన తీరు చెప్పుకున్నాం. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. రక్తహీనతతో పాలిపోయిన మనుషుల మజ్జకు అది తిండి పెట్టింది. అదే ఆమ్లాన్ని కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్ మజ్జను మాడ్చింది. దాన్నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధిని వెనక్కి నెట్టాడు. ఆ ఫలితాలు జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మజ్జను పెంచడమూ తెలిసింది, తుంచడమూ తెలిసింది. అక్కడ పెరిగేదేమిటో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు.

ఈ భాగం హైటెక్ సిటీకి చేరుతుంది. అయితే అక్కడికి పంజాగుట్ట, జూబ్లీహిల్స్ మీదుగా వెళ్లలేం. కోనిగ్స్‌బర్గ్, టొరంటో, మెల్‌బోర్న్ తిరిగి వెళ్లాలి. దారి చుట్టే. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ దాటే పాఠకులకు ఓపిక గురించి నేను చెప్పనక్కర్లేదు.

ఒక తల్లా, ఇద్దరు తల్లులా?

రక్తం పుట్టేది ఎముక మజ్జలోనని 1868లో కోనిగ్స్‌బర్గ్‌కు చెందిన ఎర్నెస్ట్ నాయ్‌మన్ చెప్పాడు. ఎముకల్లోంచి మజ్జను పిండి సూక్ష్మదర్శిని కింద పెడితే, కేంద్రకం ఇంకా వదలని పసి ఎర్రకణాలు కనిపించాయి. ఇటలీలో బిజ్జోజెరో అదే ఏడాది అదే మాట అన్నాడు. చాలామంది నమ్మలేదు. కదలని ఎముకలో కదిలే నెత్తురు పుడుతుందంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

తర్వాత రంగులు వచ్చాయి. జర్మనీలో పాల్ ఎర్లిక్ కొత్తగా తయారవుతున్న రసాయన రంగులను రక్తపు మరకల మీద పోసి చూశాడు. తెల్లకణాలన్నీ ఒకటే అనుకున్న చోట న్యూట్రోఫిల్, ఇయోసినోఫిల్, బేసోఫిల్ అంటూ తెగలు బయటపడ్డాయి. వీటన్నిటిదీ మజ్జ వంశం, లింఫోసైట్లది వేరే వంశం, రెండింటికీ చుట్టరికం లేదని ఎర్లిక్ తీర్పు. రష్యా సైనిక వైద్యకళాశాలలో పనిచేసే అలెగ్జాండర్ మాక్సిమోవ్ 1909లో దీనికి అడ్డం తిరిగాడు. అన్ని కణాలకూ పూర్వీకురాలు ఒక్కతే, చూడటానికి మామూలు లింఫోసైట్‌లాగే ఉంటుంది అన్నాడు.

ఎర్లిక్ మాటకు బరువెక్కువ; 1908లో నోబెల్ అందుకున్న మనిషి. మాక్సిమోవ్ 1922లో రష్యా విడిచి షికాగో చేరి, ఆరేళ్లకే చనిపోయాడు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే సాక్ష్యం: గాజుపలక మీద చచ్చి అతుక్కున్న కణం. ఆ కణం బతికుంటే ఏమై ఉండేదో రంగు చెప్పదు. అందుకే ఈ తగవు అర్ధ శతాబ్దం తెగలేదు.

ఆదివారం నాటి లెక్క

తగవు తీర్చడానికి ఎవరూ బయల్దేరలేదు. అణుబాంబు భయం ఆ పని చేయించింది. హిరోషిమాలో పేలుడు నుంచి బయటపడ్డవాళ్లలో కొందరు వారాల తర్వాత నెత్తురు కారి, చిన్న చిన్న ఇన్ఫెక్షన్లకు లొంగి చనిపోయారు. రేడియేషన్ వాళ్ల మజ్జను ఖాళీ చేసింది. 1951లో అమెరికాలో లోరెంజ్ బృందం ప్రాణాంతకమైన మోతాదులో రేడియేషన్ తగిలిన ఎలుకలకు ఆరోగ్యమైన ఎలుకల మజ్జ ఎక్కించి బతికించింది. మజ్జలో ఏదో ఉంది. ఎంత ఉంది?

ఆ 'ఎంత' తేల్చే పని టొరంటోలోని ఒంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరి మీద పడింది. జేమ్స్ టిల్ పశ్చిమ కెనడా పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ, భౌతికశాస్త్రవేత్త. ఎర్నెస్ట్ మెకల్లాక్ టొరంటోలో కలిగిన కుటుంబంలో పుట్టిన డాక్టరు. రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు లెక్కపెట్టి మజ్జకణాలు ఎక్కించి, ఎన్ని కణాలకు ఎన్ని ఎలుకలు బతుకుతాయో చూడటం వాళ్ల పని. ఒక ఆదివారం మెకల్లాక్ ల్యాబ్‌కు వచ్చి, పదో రోజుకు చేరిన ఎలుకలను కోసి చూశాడు. ప్లీహాల మీద బుడిపెలు. ఇలాంటివి వేరేవాళ్లూ చూసి ఉండవచ్చు. ఈయన మాత్రం వాటిని లెక్కపెట్టి గ్రాఫు గీశాడు. ఎక్కించిన కణాలు పెరిగేకొద్దీ బుడిపెలూ సరిగ్గా అదే నిష్పత్తిలో పెరిగాయి. సుమారు పదివేల కణాలకు ఒక బుడిపె.

బుడిపెను చీల్చి చూస్తే అందులో ఎర్రకణాల పిల్లలున్నాయి, న్యూట్రోఫిల్ జాతి పిల్లలున్నాయి, ప్లేట్‌లెట్లకు తల్లి అయిన మెగాకార్యోసైట్లూ ఉన్నాయి. పదివేలలో ఒక్క కణం ఇవన్నీ కన్నదా? 1961లో ఈ ఫలితాలు 'రేడియేషన్ రీసెర్చ్' పత్రికలో వచ్చాయి. రక్తశాస్త్రం వాళ్లు ఆ పత్రికను పెద్దగా చదవరు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కూడా. రెండేళ్ల తర్వాత వాళ్ల విద్యార్థి ఆండ్రూ బెకర్ రుజువు తెచ్చాడు. మజ్జకణాలకు కొద్దిపాటి రేడియేషన్ ఇస్తే కొన్నిటి క్రోమోజోములు విరిగి వంకర టింకరగా అతుక్కుంటాయి. ఏ వంకర దానిదే. ఒక బుడిపెలోని కణాలన్నిట్లో అదే వంకర కనిపించింది. అంటే అవన్నీ ఒకే తల్లి పిల్లలు. మాక్సిమోవ్ గెలిచాడు, చనిపోయిన 35 ఏళ్లకు.

అదే ఏడాది ఇంకో సంగతీ తేలింది. ఒక బుడిపెను తీసి మరో ఎలుకకు ఎక్కిస్తే మళ్లీ బుడిపెలు వచ్చాయి. పండిన వడ్లన్నీ రైతు అమ్ముకోడు, వచ్చే కారుకు విత్తనం గాదెలో దాచుకుంటాడు. ఈ తల్లికణం, అంటే మూలకణం కూడా, పిల్లలను కంటూనే తనలాంటి దాన్ని మిగుల్చుకుంటుంది. టిల్, మెకల్లాక్‌లకు 2005లో లాస్కర్ అవార్డు వచ్చింది. నోబెల్ రాలేదు. ఆ కమిటీ చేసిన పెద్ద పొరపాట్లలో ఇదొకటని నా అభిప్రాయం.

ఎవరు ఏమవుతారు?

ఇప్పుడు మజ్జ లోపలికి వెళ్దాం. పెద్దవాళ్లలో తుంటి, రొమ్ము, వెన్నుపూస ఎముకల్లో ఎర్రమజ్జ ఉంటుంది. నిత్యం నెత్తురు అందించే మూలకణాలు మనిషి మొత్తంలో 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంటాయని 2018లో ఒక లెక్క వచ్చింది. ఈ కాసిని కణాల సంతతే సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలను బయటికి పంపుతుంది. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ప్లేట్‌లెట్ వారం పది రోజులు, న్యూట్రోఫిల్ రక్తంలో తిరిగేది గంటల లెక్కన. అందుకే ఉత్పత్తి ఒక్క పూట కూడా ఆగకూడదు.

మూలకణం నుంచి దిగివచ్చిన సంతతిలో ఒక శాఖ లింఫోసైట్ల వైపు వెళ్తుంది. అందులో బి కణాలు మజ్జలోనే ఎదుగుతాయి; టి కణాలు కాబోయేవి రొమ్ములోని థైమస్ గ్రంథికి వెళ్లి చదువుకొని వస్తాయి. రెండో శాఖలో మిగతావన్నీ. ఎర్రకణం కాబోయేది పొట్టనిండా హిమోగ్లోబిన్ నింపుకుంటూ, చిన్నదవుతూ, చివరికి తన కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది. పక్కనే కాచుకున్న మాక్రోఫేజ్ కణం దాన్ని మింగేస్తుంది. మెగాకార్యోసైట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని కేంద్రకం రెట్టింపవుతూ పోతుంది గానీ కణం చీలదు. అలా బాగా ఒళ్లు చేసి, రక్తనాళపు గోడలోంచి చేతులు చాపుతుంది. ఆ చేతులు తెగిన ముక్కలే ప్లేట్‌లెట్లు, ఒక్కో తల్లికి వేలల్లో.

మరి ఏ పిల్ల ఏమవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇక్కడ రెండో తగవు మొదలైంది. అది కాకతాళీయం అంది టొరంటో బృందం. పాచిక పడ్డట్టు పడుతుంది, గణితంతో లెక్క కట్టొచ్చు అంది. కాదు, చుట్టూ ఉన్న పరిసరమే ఆజ్ఞ ఇస్తుంది అన్నాడు టెక్సస్‌కు చెందిన జాన్ ట్రెంటిన్. ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిపితే మొదటి సిద్ధాంతం 'హర్' అయింది, రెండోది 'హిమ్' అయింది. రక్తశాస్త్ర సభల్లో ఈ ఆడ-మగ తగాదా చాలాకాలం నవ్వులు పూయించింది. ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేలాలంటే ఆజ్ఞ అనేది నిజంగా ఉంటే దాన్ని సీసాలో పట్టి చూపించాలి.

జిగురు పళ్లెంలో చుక్కలు

సీసాలో పట్టే పందెం రెండు చోట్ల మొదలైంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ప్లుజ్నిక్, లియో సాక్స్ 1965లో, మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డొనాల్డ్ మెట్‌కాఫ్ 1966లో మజ్జకణాలను మెత్తటి అగర్ జిగురులో పెంచారు. జిగురులో కణం కదల్లేదు, కాబట్టి దాని సంతానం అక్కడే చుక్కగా కుదురుకుంటుంది. అయితే ఊరికే పెడితే ఏ చుక్కా రాదు. అడుగున వేరే కణజాలం ఉండాలి, అది ఊరించే ద్రవం ఉండాలి. ఆ ద్రవంలోనే ఆజ్ఞ ఉంది.

దాన్ని శుద్ధి చేయడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. మెట్‌కాఫ్ మొండివాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చొని చుక్కలు తనే లెక్కపెట్టేవాడు; 2014లో చనిపోయేదాకా తన మెల్‌బోర్న్ సంస్థను, ఆ అలవాటును వదల్లేదు. క్రమంగా ద్రవంలో ఒకటి కాదు నాలుగు ఆజ్ఞలున్నాయని తేలింది. వాటిలో న్యూట్రోఫిల్ జాతిని పెంచేదానికి జీ-సీఎస్ఎఫ్ అని పేరు. ఎలుక జీ-సీఎస్ఎఫ్‌ను మెల్‌బోర్న్ 1983లో శుద్ధి చేసింది. మనిషిది 1985లో న్యూయార్క్ స్లోన్-కెటరింగ్‌లో కార్ల్ వెల్టె పట్టుకున్నాడు, మూత్రాశయ క్యాన్సర్ కణాలు ఊరించిన ద్రవంలోంచి. 1986లో కాలిఫోర్నియా కంపెనీ ఆమ్‌జెన్, జపాన్‌లో షిగెకజు నగతా బృందం పోటీపడి దాని జన్యువును వెలికితీశాయి.

ఆమ్‌జెన్ ఆ జన్యువును ఇ.కోలై బాక్టీరియాలో పెట్టింది. మన శరీరం చేసే జీ-సీఎస్ఎఫ్‌లో 174 అమైనో ఆమ్లాలుంటాయి, దానికి చక్కెర గొలుసు తగిలించి ఉంటుంది. బాక్టీరియాకు చక్కెర తగిలించడం రాదు, పైగా మొదట్లో ఒక మెథియోనిన్ అదనంగా చేరి 175 అవుతాయి. అయినా పనిచేసింది. 1991 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. మందు పేరు ఫిల్‌గ్రాస్టిమ్.

తగవు మాటేమిటంటే, 2009లో జర్మన్ శాస్త్రవేత్తలు ఒక్కో కణాన్ని విడిగా, రోజుల తరబడి చిత్రీకరిస్తూ చూశారు. ఒక ఆజ్ఞ ఇస్తే న్యూట్రోఫిల్ జాతి, మరో ఆజ్ఞ ఇస్తే మోనోసైట్ జాతి. ట్రెంటిన్ వైపు అలా కొంత మొగ్గు వచ్చింది. అంతమాత్రాన పాచికల వాదం చావలేదు. కొమ్మలు కచ్చితంగా విడిపోయే పాఠ్యపుస్తకపు చెట్టు బొమ్మను కూడా ఇవాళ శాస్త్రవేత్తలు అంతగా నమ్మరు. ఒక రకం నుంచి ఇంకో రకానికి జారుడు మెల్లగా, గీత కనబడకుండా సాగుతుందంటున్నారు.

బాలానగర్, బాచుపల్లి

ఇక మన ఊరికి వద్దాం. 1970 పేటెంట్ల చట్టం మందులకు గుత్తహక్కు ఇవ్వలేదు. తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే పద్ధతిలో చేసుకోగలిగితే ఎవరైనా చేసుకోవచ్చు. ఆ విద్యను హైదరాబాద్‌కు నేర్పింది బాలానగర్‌లోని ఐడీపీఎల్, సోవియట్ సాయంతో పెట్టిన ప్రభుత్వ కర్మాగారం. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కెమిస్టులు నగరం చుట్టూ కంపెనీలు పెట్టారు. గుంటూరు జిల్లా తాడేపల్లి రైతు కుటుంబం నుంచి వచ్చిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు.

రసాయనం వేరు, ప్రోటీన్ వేరు. మాత్రలోకి వెళ్లే రసాయనాన్ని రియాక్టర్‌లో వండొచ్చు. జీ-సీఎస్ఎఫ్‌ను బాక్టీరియా చేత చేయించాలి. అది చేసేది కూడా సరైన ఆకారంలో చేయదు. ప్రోటీన్ ఉండలు కట్టి లోపల పేరుకుంటుంది. ఆ ఉండలను కరిగించి, ప్రోటీన్‌ను మళ్లీ సరిగ్గా మడత పడనిచ్చి, బాక్టీరియా విషం రవ్వంత కూడా మిగలకుండా కడిగి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో రోగి దాకా చేర్చాలి. ఈ విద్య హైదరాబాద్‌లో అప్పటికి అంతగా లేదు. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ దారి తీసింది. నగరంలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ అండతో ఎదిగి 1997లో హెపటైటిస్-బి టీకాను దేశంలోనే జన్యుపద్ధతిలో తయారుచేసి తెచ్చింది. తర్వాత ఎరిత్రోపోయెటిన్ కూడా చేసింది. అది ఎర్రకణాల ఆజ్ఞ. కిడ్నీలు పాడైనవాళ్లకు బయటి నుంచి ఇవ్వాల్సిన ఆజ్ఞ.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనం ఫొటో రాని పత్రిక లేదు. 2001లో డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది, అదీ పెద్ద వార్తే. అదే ఏడాది ఆ కంపెనీ గ్రాఫీల్ పేరుతో ఫిల్‌గ్రాస్టిమ్‌ను మన దేశంలో విడుదల చేసింది. జనంలో ఎందరు గమనించారో చెప్పలేను. నా దృష్టిలో మాత్రం ఆ మూడింట్లో ఎక్కువ దూరం ప్రయాణించి వచ్చింది ఇదే. టొరంటోలో బుడిపెలు లెక్కపెట్టిన నలభై ఏళ్లకు, బాచుపల్లి తయారీతో, ఆ ఆజ్ఞ మన చేతికి అందింది. 2005 జనవరి 1 నుంచి మన చట్టం మారి, మందులకే పేటెంట్ వచ్చింది. ఆ గడువు ముగియకముందే ఈ తలుపు దాటడం ఆ తరం హైదరాబాద్ కంపెనీల చురుకుదనం. వాళ్లను నకలురాయుళ్లు అని విదేశాల్లో అన్నవాళ్లున్నారు. ప్రోటీన్‌ను మడత పెట్టడం నకలు కొట్టినంత తేలిక కాదు.

'కౌంటెంత?'

ఏ క్యాన్సర్ డే-కేర్ వార్డులోనైనా పలకరింపు ఒకటే. 'అన్నా, కౌంటెంత?' కీమో పడ్డ వారం పది రోజులకు తెల్లకణాల కౌంట్ అడుగంటుతుంది. వేగంగా చీలే కణాలను చంపడమే కీమో పని. మజ్జకంటే వేగంగా చీలేవి ఒంట్లో తక్కువ. గంటలే బతికే న్యూట్రోఫిళ్లు అందరికంటే ముందు అయిపోతాయి. మైక్రోలీటర్‌కు 500 కంటే తగ్గితే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు 'కౌంట్ పెంచే ఇంజెక్షన్' ఇస్తారు, పొట్ట చర్మం కింద. మజ్జలో మిగిలిన పసికణాలకు ఆజ్ఞ అందుతుంది. నడుము, తుంటి ఎముకలు సలుపుతాయి. తొందరపెట్టిన మజ్జ చేసే గొడవ అది.

ఈ మందుకు ఇంకో గుణముందని ఎవరూ ఊహించలేదు. 1988లో మెల్‌బోర్న్‌లో జీ-సీఎస్ఎఫ్ తీసుకున్న రోగుల రక్తాన్ని అగర్‌లో పెడితే చుక్కలు విపరీతంగా వచ్చాయి. మజ్జలో దాక్కోవాల్సిన పూర్వీకులు రక్తంలోకి దిగివచ్చాయి. అంతవరకు మజ్జ దానం అంటే మత్తిచ్చి, తుంటి ఎముకలో మళ్లీ మళ్లీ సూది గుచ్చి తీయడమే. ఇప్పుడు ఎక్కువ మంది దాతలకు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచి నాలుగైదు గంటలు రక్తాన్ని యంత్రంలో తిప్పి, మూలకణాలను వడగట్టి మిగతాది వెనక్కి ఎక్కిస్తారు.

సైబరాబాద్ ఆఫీసుల్లో పెట్టే దాతల నమోదు శిబిరాలకు బలం అదే. మైండ్‌స్పేస్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో మధ్యాహ్న భోజనానికి దిగిన కుర్రాడు ఫారం నింపి, బుగ్గ లోపల పుల్లతో రుద్దించుకొని పైకెళ్తాడు. తోబుట్టువుల్లో ఒకరితో ఒకరికి సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఇంట్లో దొరక్కపోతే దిక్కు ఈ నమోదు పట్టికే. నిజంగా ఫోన్ వస్తే అసలు పరీక్ష ఇంట్లో మొదలవుతుంది. 'వెన్నులోంచి తీస్తారటరా, పెళ్లి కావాల్సినవాడివి' అంటుంది అమ్మ. వెన్ను ముట్టరని ఆమెకు చెప్పి ఒప్పించడం, కణాన్ని వెతికి పట్టడం కంటే ఒక్కోసారి కష్టం. మూలకణాలు మాత్రం ఎవరూ దారి చూపకుండానే పోతాయి. రోగి నరంలో ఎక్కిస్తే రక్తంలో తిరిగి మజ్జను వెతుక్కొని చేరి, రెండు మూడు వారాల్లో కొత్త కౌంట్ చూపిస్తాయి.

సైబర్ టవర్స్ తెరుచుకున్న 1998లోనే నగరంలో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ పుట్టింది. శివరాంపల్లిలోని దాని కేంద్రానికి పిల్లలు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వస్తారు. వాళ్ల మూలకణాలకు ఆజ్ఞలు అందుతాయి, హిమోగ్లోబిన్ చేసే వంటకమే తప్పు. ఐటీ కంపెనీల రక్తదాన శిబిరాలు ఇలాంటి పిల్లలకు పెద్ద ఆసరా. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసులు ఖాళీ కాగానే శిబిరాలు ఆగాయి, ఆ ఇళ్లలో భయం మొదలైంది. మార్పిడి చేసి సొంత మూలకణాలను మార్చేస్తే జబ్బు పోతుంది. కానీ సరిపోయే దాత ఉండాలి, డబ్బుండాలి. చాలామందికి ఈ రెండూ ఒకేసారి కుదరవు.

ఇంతవరకు ఆజ్ఞ విని నడుచుకునే మూలకణాన్ని చూశాం. ఆజ్ఞ లేకుండానే పిల్లలను కనడం మొదలుపెట్టిన మూలకణం కథ వచ్చే భాగంలో. 1960లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రవేత్తలకు లుకేమియా రోగుల కణాల్లో మామూలుకంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోము కనిపించింది. నలభై ఏళ్ల తర్వాత దానికి మందు దొరికింది, 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండేళ్లకే హైదరాబాద్ నాట్కో అదే మందును అతి తక్కువ ధరకు తెచ్చింది. అక్కడి నుంచి కథ ప్రయోగశాల వదిలి మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు నడుస్తుంది. 2013 ఏప్రిల్ 1న వచ్చిన తీర్పులో నెగ్గిందెవరు, ఆ మధ్య పదేళ్లలో మాత్ర అందనివాళ్లు ఏం చేశారు అన్నది అప్పుడు చూద్దాం.